బల్లమీది భారము – తలలోని భారము



మోసేవానికే తెలియును కావడి బరువు అని తెలుగునాట ఒక సామెత కలదు. దారిన పోవువారు కావడి కుండలను చూతురు. మోయువాని భుజముమీద కాయ కాచిన చోటు వారి కంటబడదు. ఢిల్లీ కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు ఉద్యోగి సంగతియు అట్టిదే. సర్కారు కొలువు, నెల జీతము, వైద్యసౌకర్యము కలవని ఊరిలోని బంధువులు సంతోషింతురు. సాయంకాలము ఇల్లు చేరి, అన్నము ముందు కూర్చుండి, పిలిచినను పలుకక దిక్కులు చూచు మనిషిని ఇంటివారు మాత్రమే ఎరుగుదురు. ఆ ఉద్యోగి స్త్రీ యైనచో ఆ పాటి కూర్చుండుటకును తీరిక లేదు. ఆఫీసు ముగిసినచోట వంటయిల్లు మొదలగును. నేటి ప్రసంగమునకు విషయము అట్టి ఉద్యోగియే.

పని ఎక్కువగుట ఒకటి. ఆ పని తన్ను ముంచివేయుచున్నదను భావము వేరొకటి. మొదటిది బల్లమీద నుండును. రెండవది తలలో నుండును. బల్లమీది భారము లెక్కకు వచ్చును: ఇన్ని ఫైళ్లు, ఇన్ని ఉత్తరములు. తలలోని భారమునకు లెక్క లేదు. లెక్క లేనందువలననే అది పెరుగును. ఈ రెండింటిని వేరుచేయ నేర్చినవారు సగము గట్టెక్కినట్లే.

మొదట బల్లమీది భారమును చూడవలసియున్నది. సచివాలయములో పని ఏడాది పొడుగున ఒకే తీరున సాగునది కాదు. పార్లమెంటు సమావేశములు ఆరంభమైనంతనే ఏటికి వరద వచ్చినట్లగును. లోక్‌సభలో ఒక్క దినపు జాబితాలో నక్షత్రపు గుర్తు గల ప్రశ్నలు 20, ఆ గుర్తు లేనివి 230 వరకు నుండును. ప్రతి సమాధానమును ఏదో ఒక సెక్షనులో, ఎవరో ఒకరి చేతిమీదుగా పుట్టవలసినదే. దానికి రాష్ట్రములనుండి సమాచారము తెప్పించవలెను. అనుబంధ ప్రశ్నలకు వివరములు సిద్ధపరుపవలెను. హిందీ ప్రతిని తయారుచేయింపవలెను. మంత్రి సభలో ఇచ్చిన హామీని సామాన్యముగా మూడు నెలలలో నెరవేర్చవలెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద వచ్చిన దరఖాస్తునకు 30 దినములలో బదులు చెప్పవలెను. ప్రజల ఫిర్యాదుల పరిష్కారమునకు గడువు 2024లో 21 దినములకు తగ్గించబడినది. ఈ గడువులు న్యాయమైనవే. ప్రతి కాగితము వెనుకను ఎదురుచూచు మనిషి యొకడు కలడు. కాని అవియన్నియు ఒకే సోమవారమునాడు ఒకే బల్లమీద కలిసికొన్నప్పుడు, బల్ల వెనుక నుండునది ఒక్క ప్రాణియే.

కాగితపు ఫైళ్ల కాలములో ప్యూను తెచ్చి బల్లమీద పెట్టినప్పుడే పని వచ్చినట్లు లెక్క. సాయంకాలము బీరువాకు తాళము వేసినచో పనికిని తాళము పడెడిది. ఈ-ఆఫీసు వచ్చిన తరువాత ఫైలు చప్పుడు లేక వచ్చును; తెరమీది అంకె మాత్రము పెరుగుచుండును. చేతిలోని ఫోను రాత్రి భోజనవేళకు కూడ “వెంటనే పంపవలెను” అని పిలుచుచుండును. 1985 జూన్‌లో వారమునకు ఐదు పనిదినముల పద్ధతి ఏర్పడినప్పుడు నిర్ణయమైన వేళలు ఉదయము 9 గంటలు మొదలు సాయంకాలము 5.30 వరకు, నడుమ అరగంట భోజన విరామము. అనగా వారమునకు 40 గంటలు. గడియారము నేటికిని ఆ లెక్కయే చెప్పును. మనస్సు చెప్పు లెక్క వేరు.

తెలుగు ఉద్యోగికి ఇంతకు తోడు మరికొన్ని బరువులు కలవు. శ్రీకాకుళమునుండియో, కడపనుండియో, వరంగల్లునుండియో పరీక్ష నెగ్గి వచ్చిన యువకుడు ఆఫీసులో చేరిన మొదటి నెలలోనే రెండు భాషలతో పోరాడవలసివచ్చును. నోటు ఇంగ్లీషులో వ్రాయవలెను. మాట హిందీలో ఆడవలెను. ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ పరీక్షలకు చదువవలెను. ఇల్లు నోయిడాలోనో, ఫరీదాబాదులోనో దొరకును. రాకపోకలకు దినమునకు రెండు మూడు గంటలు చెల్లును. ఊరిలో తల్లికి జబ్బు చేసినచో పరుగెత్తిపోవుటకు అది పక్క ఊరు కాదు. ఇట్టి స్థితిలో అర్థము కాని సంగతిని అడుగుటకు సిగ్గుపడి, రెండు గంటల పనిని రెండు దినములు చేయుట కద్దు. ఇది తెలివితక్కువ కాదు, ఒంటరితనము.

ఈ భారము ఒడలికి చేయు కీడును వైద్యశాస్త్రము లెక్కకట్టినది. తీరని ఉద్యోగపు ఒత్తిడివలన కలుగు అలసటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ గ్రంథమునందు వృత్తిసంబంధమైన స్థితిగా వివరించెను; దానిని రోగమని మాత్రము చెప్పలేదు. దాని లక్షణములు మూడు: సత్తువ యుడిగిపోవుట, పనిమీద విముఖతయో ఏవగింపో పుట్టుట, తన పని వలన ప్రయోజనము లేదనిపించుట. ఆ సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, వారమునకు 35 మొదలు 40 గంటలు పనిచేయువారితో పోల్చగా, 55 గంటలు లేక అంతకు మించి పనిచేయువారికి పక్షవాతము వచ్చు అపాయము 35 శాతము, గుండెజబ్బుతో మరణించు అపాయము 17 శాతము అధికము. కాబట్టి “ఇంతమాత్రమునకేనా?” అని తన్ను తాను నిందించుకొను ఉద్యోగి గ్రహింపవలసినదేమనగా, ఇది అతని మెతకదనమునకు గుర్తు కాదు. కావడిబద్ద కెంత మోయుశక్తి కలదో అంతే మోయును. అంతకు మించినచో అది విరుగుట బద్ద తప్పు కాదు.

అయినను భారమును రెట్టింపు చేయు ఒక అలవాటు కలదు. అది బాకీని దాచుట. ఒక కఠినమైన కేసు వచ్చును. ఏమి వ్రాయవలెనో తోచదు. రేపు చూతమని పక్కకు నెట్టుదురు. రేపు మరి నాలుగు వచ్చును. వారము గడిచిన తరువాత ఆ కేసును ముట్టుకొనుటకే భయము కలుగును. ఏలయన ఇప్పుడు కేసుతో పాటు ఆలస్యమునకు కూడ సమాధానము చెప్పుకొనవలెను. తెరమీద ఆ ఫైలు పేరు కనబడినప్పుడెల్ల కన్ను తప్పించుకొనును. సులభమైన పది కాగితములు ముందుగా తెమల్చి, దినమంతయు పనిచేసితినని మనస్సుకు నచ్చజెప్పుకొందురు. రాత్రి నిద్రలో మాత్రము మేలుకొల్పునది ఆ పదకొండవ కాగితమే. సెక్షను ఆఫీసరు అడిగినప్పుడు “అయిపోవచ్చినది సార్” అను మాట వచ్చును. ఆ మాటతో భారము బల్లమీదినుండి తలలోనికి ఎక్కును. తరువాత భార్య అడిగినను, స్నేహితుడు అడిగినను అదే మాట: “ఏమియు లేదు.”

దీనికి మందు ఎక్కడనో వెదకనక్కరలేదు. కార్యాలయ విధానములోనే కలదు. తెలుగు జిల్లాల తాలూకా కచేరీలలో పనిచేసిన వెనుకటి తరము గుమాస్తాలకు ఇది తెలిసిన విద్యయే. పూర్వపు మద్రాసు రాజధానిలో టాటెన్‌హాం అను దొర పేర వెలసిన పద్ధతి ప్రకారము, ప్రతి గుమాస్తాకును ఒక పర్సనల్ రిజిస్టరు ఉండెడిది. వచ్చిన ప్రతి కాగితమును అందు ఎక్కవలెను. దాని గతి యేమైనదో అందే కనబడవలెను. మిగిలిన బాకీల పట్టీ పై అధికారి ఎదుటికి పోవలెను. ఆ రిజిస్టరును చూచి భయపడినవారే యెక్కువ. కాని దానిలోని మేలు ఒకటి గమనింపదగినది: కాగితమును పుస్తకములోనికి ఎక్కించినంతనే జ్ఞాపకముంచుకొను బాధ్యత తలనుండి దిగి పుస్తకముమీద పడును. ఢిల్లీలో కూడ 1954 మార్చిలో కేబినెట్ సెక్రటేరియట్‌లో ఆర్గనైజేషన్ అండ్ మెథడ్స్ విభాగము నెలకొల్పబడినది. జాప్యము ఒక మనిషి సోమరితనముగా కాక పని నడచు తీరులోని లోపముగా చూడవలెనను తలంపు దాని వెనుక నుండెను.

కేంద్ర సచివాలయ కార్యవిధాన గ్రంథమును ఉద్యోగులు పరీక్షకొరకు చదువుదురు. తమ క్షేమము కొరకు చదువుట అరుదు. అందలి నాలుగు సంగతులు ఇచట పనికివచ్చును.

మొదటిది డైరీ. వచ్చిన ప్రతిదానిని ఎక్కించవలెనను నియమము అధికారికి లెక్క చెప్పుటకే కాదు. ఊపిరాడనట్లు తోచిన దినమున ఒక కాగితము తీసికొని, తలలో తిరుగుచున్న పనులన్నింటిని వరుసగా వ్రాయవలెను. “చాల ఉన్నవి” అను భయము “పదునాలుగు ఉన్నవి” అను లెక్కగా మారును. పదునాలుగు ఎక్కువయే కావచ్చును. కాని అది అంతులేనిది కాదు.

రెండవది తొందర చీటీ. “ఇమ్మీడియట్”, “ప్రయారిటీ” అను చీటీలు వేరువేరు అవసరములకు ఏర్పడినవి. ఆ తొందరను దశదశకును తిరిగి చూచి, అవసరము తీరినచోట మార్చవలెనని గ్రంథము చెప్పుచున్నది. అన్ని ఫైళ్లకును “ఇమ్మీడియట్” అని కట్టినచోట ఆ చీటీకి అర్థము పోవును. పాపము, క్రింది ఉద్యోగికి నిద్ర పోవును. పదునాలుగింటిలో నేడు తప్పక పోవలసినవి మూడో నాలుగో యుండును. మిగిలినవానిని “నేడు కాదు” అని వ్రాసి పక్కన పెట్టుట సోమరితనము కాదు, విధానమే.

మూడవది కాల్ బుక్. న్యాయస్థానములో నిలిచిపోయిన వ్యవహారము మొదలైనవానిలో కనీసము ఆరు నెలలవరకు చేయదగినది ఏమియు లేనిచో, తగిన అధికారి అనుమతితో దానిని నడచుచున్న కేసుల నుండి తీసి కాల్ బుక్కులో చేర్చవచ్చును. గడువు వచ్చినప్పుడు అది తిరిగి లేచును. ఈ ఏర్పాటులో లోకజ్ఞానము కలదు. ఉద్యోగి మనస్సులో సగము బరువు ఇట్టి సంగతులదే: బదిలీ అగునో కాదో, క్వార్టరు వచ్చునో రాదో, ప్రమోషను వ్యాజ్యము ఎప్పుడు తేలునో. వానిని మరువనక్కరలేదు, ఏ తేదీన తిరిగి చూడవలెనో వ్రాసి, అంతవరకు దింపివేయవలెను.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యము. సెక్షను ఆఫీసరు విధులలో, సిబ్బందికి పనిని వీలైనంత సమముగా పంచుట, వారికి నేర్పుట, సాయపడుట, సలహా చెప్పుట అనునవి వ్రాయబడియున్నవి. అనగా “ఈ పని నా ఒక్కనివలన గడువులోగా కాదు” అని చెప్పుకొనుట క్రమశిక్షణకు విరుద్ధము కాదు. అయితే చెప్పు తీరు కలదు. కంటనీరు పెట్టుకొనియో, కోపముతోనో పోయినచో వినువాడు మనిషిని చూచును, పనిని చూడడు. జాబితా పట్టుకొని పోవలెను. “సార్, ఇవి పదునాలుగు, గురువారములోపల ఆరు చేయగలను, ఏ ఆరు ముందో దయచేసి చెప్పవలెను” అని అడిగినచో, ఆ అధికారి పంచవలెను, గడువు పెంచవలెను, లేదా ముందువెనుకలు నిర్ణయింపవలెను. మూడింటిలో ఏది చేసినను భారము ఒక్క తలమీద నిలువదు. కఠినమైన కేసు వెనుకబడియున్నచో అది నెల కాకముందే, మొదటి వారములోనే చెప్పవలెను. వారపు బాకీల పట్టీని కార్యవిధానము ఏర్పరచినది అందుకే.

కొండంత పనిని పలువురు ఎట్లు పంచుకొని దించిరో చూడగోరువారికి సచివాలయమునకు కూతవేటు దూరములోనే గొప్ప నిదర్శనము కలదు. 1947 ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఏడుగురు. అధ్యక్షుడు డాక్టర్ అంబేద్కర్. ఒక సభ్యుడు రాజీనామా చేయగా ఆ స్థానమునకు తెలుగువాడైన ఎన్. మాధవరావు వచ్చెను. ఒకరు మరణించిరి; ఒకరు అమెరికాలో నుండిరి; ఒకరు రాజ్య వ్యవహారములలో మునిగిరి; ఒకరిద్దరు ఢిల్లీకి దూరముగా నుండిరి. ఈ సంగతిని 1948 నవంబరులో టి. టి. కృష్ణమాచారి సభలోనే చెప్పి, భారము అంబేద్కర్ మీదనే పడెనని ప్రశంసించెను. ముసాయిదాలో 315 అధికరణములు. దానిపై సభ్యులు ఇచ్చిన సవరణలు 7,635. సభలో నిజముగా ప్రతిపాదింపబడినవి 2,473. ఆ సంఖ్యను ఒక్కసారిగా తలచినచో ఎవరికైనను కాలుసేతులు ఆడవు. వారు ఒక్కసారిగా తలచలేదు. బి. ఎన్. రావు సిద్ధపరచిన తొలి ప్రతిని ఆధారముగా గొనిరి. సంఘము దానిని పరిశీలించెను. సభ ఒక్కొక్క అధికరణమునే చేతికి తీసికొని తీర్మానించెను. 1949 నవంబరు 26న 395 అధికరణములతో రాజ్యాంగము ఆమోదింపబడెను.

దానికి ముందుదినము చేసిన ప్రసంగములో అంబేద్కర్ ఆ కీర్తిని తానొక్కడే పుచ్చుకొనలేదు. బి. ఎన్. రావును, ముసాయిదా రచయితయగు ఎస్. ఎన్. ముఖర్జీని పేరుపేరున తలచి, వారి క్రింద ఒక్కొక్కప్పుడు అర్ధరాత్రి దాటువరకు శ్రమించిన సిబ్బందిని కూడ మరువక స్మరించెను. పై పదవులలో నున్నవారు ఈ యొక్క సంగతిని గుర్తుంచుకొన్నను చాలును. రాత్రివరకు కూర్చున్న అసిస్టెంటుతో మరునాడు ఉదయము “నీ నోటు బాగున్నది” అనుటకు ఆర్థిక శాఖ అనుమతి అక్కరలేదు.

ఇచట ఒక హద్దును కూడ చెప్పుట న్యాయము. నలుగురు చేయవలసిన సెక్షనులో ఇద్దరే యున్నచో, ఎంత చక్కని డైరీయు ఆ ఇద్దరిని నలుగురిని చేయజాలదు. ఖాళీలను నింపుట, అక్కరలేని నివేదికలను మానుట, ఒకే సమాచారమును మూడు రూపములలో అడుగకుండుట ప్రభుత్వమును, అధికారులును చేయవలసిన పని. దానిని ఉద్యోగి సహనముతో పూడ్చజూచుట కర్తవ్యనిష్ఠ అనిపించుకొనదు. బాకీని దాచక లెక్కతో చూపినప్పుడే ఖాళీ కూడ కనబడును. దాచినవాడు తన ఆరోగ్యమును ఖర్చు చేసి ప్రభుత్వపు లోటును కప్పినవాడగుచున్నాడు.

ఇక విశ్రాంతి మాట. ఆర్జిత సెలవు జనవరి 1న 15 దినములు, జూలై 1న 15 దినములు ఖాతాలో చేరును. 300 దినములవరకు కూడబెట్టవచ్చును. పదవీ విరమణనాడు వచ్చు సొమ్మునకై ఒక్క దినమైనను వాడక దాచువారు పలువురు. ఆ సొమ్ము మంచిదే. కాని సెలవు ఏర్పడినది మొదట అలసిన దేహము కొరకు. సంక్రాంతికి ఊరికి పోయి పదిదినములు అరుగుమీద కూర్చుండి వచ్చినవాని నోటు, నాలుగేండ్లు కదలనివాని నోటుకంటె సూటిగా నుండును.

ఇంటివారికి ఒక మనవి. నిద్ర చెడుట, చిన్నమాటకు మండిపడుట, ఇష్టమైన పాట వినబడినను తల యెత్తకుండుట, ఆదివారము సాయంకాలమునకే ముఖము వాడుట వారములకొలది కనబడినచో, “ఆఫీసు టెన్షను” అని త్రోసిపుచ్చరాదు. “ఏమైనది?” అని అడిగిన “ఏమియు లేదు” అనియే బదులు వచ్చును. “ఎన్ని ఫైళ్లున్నవి? ఏది కష్టముగా నున్నది?” అని అడిగినచో మాట కదలును. అప్పటికిని తేరుకొననిచో వైద్యుని చూడవలెను. 1954లో ఢిల్లీలోనే ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము దేహమునకు మాత్రమే అని యెవరును అనుకొనరాదు. సచివాలయమునకు దగ్గరనున్న రామమనోహర్ లోహియా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను రుసుము లేక ఫోను చేయవచ్చును, తెలుగులోనే చెప్పుకొనవచ్చును. బ్రతుకు మీదనే విరక్తి తోచినవారు ఒక్క గంటయు ఆలసింపరాదు; ఇంటివారు వారిని ఒంటరిగా విడువరాదు.

తెలుగు సంఘములు ఉగాది పచ్చడికి, నాటకములకు మాత్రమే ఏర్పడినవి కావు. పరదేశము వంటి ఈ నగరములో క్రొత్తగా చేరిన పిల్లవాడు నోటు వ్రాయుట తెలియక తడబడినప్పుడు, సచివాలయములో ముప్పది యేండ్లు పనిచేసిన పెద్ద యొకరు భోజన విరామములో పదినిమిషములు పక్కన కూర్చున్నచో, అది పది ఉపన్యాసములకంటె మేలు. ప్రతి సంఘమును అట్టి నలుగురు పెద్దల పేర్లు వ్రాసియుంచి, క్రొత్తవారికి ఇచ్చుట కష్టమైన పని కాదు. ఈ సంవత్సరమే చేయదగినది.

కావడిలో బరువు రెండువైపుల సర్దియుండును. అందువలననే ఒక్క మనిషి దానిని క్రోసుల దూరము మోయగలుగును. దానిని మోయువాడును నడుమనడుమ భుజము మార్చుకొనును, చెట్టునీడను దించుకొనును. అతనిని చేతకానివాడని ఏ ఊరివారును అనలేదు. రేపు ఉదయము కార్యాలయములో కూర్చున్నంతనే, పక్కకు నెట్టియుంచిన ఆ పదకొండవ కాగితమును ముందుగా తీసి, తోచినంత వ్రాసి, తోచనిదానిని పై అధికారి నడుగుడు. మధ్యాహ్నమునకే తల కొంత తేలికపడును.